స్కీయింగ్‌లో మోకాలు దెబ్బతిన్నాక: ఏ దారి ఎవరికి?

డెన్వర్, సియాటిల్, బే ఏరియాల్లో ఉంటూ ఏటా నాలుగైదు వారాంతాలు కొండెక్కే తెలుగువాళ్లకైనా, సెలవులకి గుల్‌మర్గ్‌కో ఔలీకో వెళ్లి స్కీలు తగిలించుకునేవాళ్లకైనా కాలికి దెబ్బ అంటే ఎక్కువగా మోకాలే. గట్టి ప్లాస్టిక్ బూటు చీలమండని కదలనివ్వదు. అందుకని స్కీ పట్టుకున్న మెలిక నేరుగా పైకి పోయి మోకాలి మీద పడుతుంది. 1970ల తర్వాత బైండింగ్‌లు, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచి పడ్డప్పుడు వదిలేసే బిగింపులు, మెరుగయ్యాయి, కాలి ఎముక విరగడం బాగా తగ్గింది. ఎముకకి ఎముకని కలిపి ఉంచే లిగమెంట్లు తెగడం మాత్రం అలా తగ్గలేదు. బైండింగ్‌కి తెలిసేది మునివేళ్ల దగ్గర, మడమ దగ్గర పడే బలమే. మోకాలి లోపల ఏం జరుగుతోందో దానికి తెలియదు.

డాక్టరు ఎదుట కూర్చోగానే అందరూ అడిగేది "ఆపరేషన్ కావాలా, వద్దా" అని. అది మూడో ప్రశ్న కావాలి. ఏది తెగింది అన్నది మొదటిది. ఆ మోకాలితో ఏడాదంతా మీరు చేసే పనులేమిటి అన్నది రెండోది. ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు సగం దొరికినట్టే.

ముందు ఏది తెగిందో తేల్చుకోండి

వెనక్కి పడిపోతూ, పిరుదులు మోకాళ్ల కంటే కిందికి దిగి, బరువంతా దిగువ స్కీ వెనక కొస లోపలి అంచు మీద పడి, మోకాలు లోపలికి మెలితిరిగిందా? లోపల "టప్"మన్నట్టు అనిపించి రెండు మూడు గంటల్లో మోకాలు నీళ్ల బెలూన్‌లా ఉబ్బిందా? అయితే మొదట అనుమానించాల్సింది ఏసీఎల్‌నే, అంటే మోకాలి మధ్యలో ఉండి కింది ఎముకని ముందుకి జారకుండా పట్టుకునే లిగమెంట్‌ని. ఆ వాపు రక్తం. మర్నాటికి మెల్లగా వచ్చిన వాపైతే మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చీలి ఉండే అవకాశం ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు స్కీల ముందు కొసలు కలిపి "పిజ్జా" పెట్టి ఆగుతున్నప్పుడు లోపలి అంచు మంచులో దిగబడి, కాలు బయటికి లాగేస్తే తెగేది మోకాలి లోపలి పక్కన ఉండే లిగమెంట్, ఎంసీఎల్. నొప్పి మోకాలి లోపలి పక్కన వేలుపెట్టి చూపించగలిగేలా ఉంటుంది, వాపు తక్కువ.

ఎమ్మారై కంటే ముందు ఎక్స్‌రే. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, వయసు 55 దాటినా ఎక్స్‌రే తప్పదు. కాలి ఎముక పైభాగం, అంటే మోకాలి బరువు మోసే పీట, బీటలు వారి ఉండవచ్చు. ఎక్స్‌రేలో ఆ ఎముక బయటి అంచున చిన్న పెచ్చు ఊడినట్టు కనిపిస్తే ఏసీఎల్ తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

కొన్నిటికి ఆలోచించే వ్యవధి లేదు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క ఉబ్బి నొప్పి పెడుతుంటే, లేదా ఆయాసం వస్తుంటే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు కాబట్టి అప్పుడూ అంతే. మోకాలు ఏదో అడ్డుపడ్డట్టు అస్సలు చాపుకోలేకపోతే తెగిన మెనిస్కస్ ముక్క మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వారాల తరబడి నాననివ్వకూడదు.

ఎంసీఎల్ ఒక్కటే అయితే అదృష్టమే అనుకోండి. కొంచెం సాగితే ఒకటి నుంచి మూడు వారాలు, సగం తెగితే పక్క కీళ్లున్న చట్రంతో (బ్రేస్) నాలుగు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెగితే మూడు నెలల దాకా. ఆపరేషన్ అరుదు. అయితే ఎంసీఎల్ నొప్పి చాటున ఏసీఎల్ దాక్కోవచ్చు. దెబ్బ తగిలిన రోజు వాపుతో, నొప్పితో కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి చేత్తో లాగి చూసే పరీక్ష సరిగా తేలదు. పది రోజులయ్యాక మళ్లీ చేయించుకోండి.

మోకాలి పీట విరిగితే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ముక్క జరగకపోతే ఆరు నుంచి పన్నెండు వారాలు ఆ కాలి మీద బరువు పెట్టకుండా చంక కర్రలు, జరిగితే ప్లేటు, స్క్రూలు. మళ్లీ స్కీయింగ్ సంగతి వచ్చే ఏడాదే. ఊళ్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు సంగతి ఎత్తుతారు. కీలు లోపలి పీట మిల్లీమీటర్ల లెక్కలో సమంగా కుదరాలి. కీలు లోపల తెగిన లిగమెంట్‌ని పైనుంచి వేసిన కట్టు అతికించలేదు. బిగించి వారాల తరబడి కదలకుండా ఉంచితే మిగిలేది బిగుసుకుపోయిన మోకాలు.

ఏసీఎల్: ఆపరేషనా, ఫిజియోనా?

దీని మీద మూడు పెద్ద ప్రయోగాలు జరిగాయి. మూడిటినీ కలిపి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. స్వీడన్‌లో 121 మంది యువకులని రెండుగా విడదీశారు: ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకి ముందు ఫిజియో, అవసరమైతేనే ఆపరేషన్. 2010లో ఫలితాలు వచ్చాయి. ఫిజియోతో మొదలుపెట్టిన 59 మందిలో రెండేళ్లలో 23 మంది, ఐదేళ్లలో 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మోకాలు ఎలా ఉందని అడిగిన స్కోర్లలో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నెదర్లాండ్స్‌లో 167 మందితో చేసి 2021లో ప్రచురించిన దాంట్లోనూ ఫిజియో జట్టులో సగం మంది రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లారు, సగం మందికి అవసరం రాలేదు. 2022లో బ్రిటన్‌లో 316 మందితో వచ్చినది వేరే సంగతి చెప్పింది: దెబ్బ పాతబడి మోకాలు ఇంకా జారుతూనే, అంటే కీలు పట్టు తప్పుతూనే, ఉన్నవాళ్లకి ఆపరేషనే మెరుగు.

ఈ మూడిటి సారం ఇది. కొత్త దెబ్బకి మూడు నెలలు గట్టిగా ఫిజియో చేసి చూడటం వల్ల పోయేది తక్కువ. ఇంకా జారుతున్న మోకాలిని ఈడ్చుకుంటూ తిరగడం వల్ల పోయేది ఎక్కువ. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది, అరిగిన మెనిస్కస్ తిరిగి రాదు.

ఇక్కడ స్కీయర్లు తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. "నేను స్కీయర్‌ని కదా, ఏసీఎల్ లేకుండా ఎలా?" అనుకుంటారు. ఏడాదిలో స్కీయింగ్ ఆరు రోజులు, షటిల్ వారానికి మూడు రోజులైతే మీ నిర్ణయం షటిల్‌ని బట్టి ఉండాలి. అమెరికాలో మనవాళ్ల వారాంతపు వాలీబాల్, క్రికెట్ లీగులూ ఇదే లెక్కలోకి వస్తాయి. దూకి దిగడం, ఉన్నట్టుండి దిశ మార్చడం ఏసీఎల్ లేని మోకాలికి యంత్రంతో చదునుగా దువ్విన, నీలం గుర్తున్న (మధ్యస్థంగా కష్టమైన) వాలులో దిగడం కంటే కష్టమైన పని.

మా అంచనా ఇలా ఉంటుంది. వయసు నలభై దాటి, దువ్విన వాలుల మీద మాత్రమే దిగుతూ, మామూలు నడకలో మోకాలు జారకుండా, కుట్టాల్సిన మెనిస్కస్ చీలిక లేకుండా ఉంటే ముందు ఫిజియో, తర్వాత బ్రేస్‌తో స్కీయింగ్. ముప్పై లోపు వయసు, గుట్టలు గుట్టలుగా ఉండే మొగల్స్, దువ్వని మంచు, మలుపుల ఆటలు, లేదా కుట్టగలిగే మెనిస్కస్ చీలిక ఉంటే ఆపరేషన్‌ని ఎక్కువ కాలం వాయిదా వేయకపోవడమే మంచిది. ముప్పైకీ నలభైకీ మధ్యవాళ్లు మూడు నెలల పరీక్ష పెట్టుకోవాలి.

ఆ పరీక్షలో దేన్ని "జారడం" అంటాం? మెట్లు దిగుతుంటే తొడలో బలం లేక మోకాలు మడతపడటం జారడం కాదు. అది వ్యాయామంతో పోతుంది. పాదం నేల మీదే ఉండి పై ఎముక, కింది ఎముక ఒకదాని మీద ఒకటి పక్కకి జరిగినట్టు అనిపించి, ఆ సాయంత్రానికి వాపు వస్తే అది అసలు జారడం. మూడు నెలల్లో అది రెండోసారి వచ్చిందంటే ప్రయోగం ఆపి సర్జన్‌ని కలవండి.

ఆస్ట్రేలియా నుంచి మరో దారి వచ్చింది. దెబ్బ తగిలిన మొదటి వారాల్లోనే మోకాలిని 90 డిగ్రీల దగ్గర బ్రేస్‌తో బిగించి నాలుగు వారాలు ఉంచుతారు. తర్వాత మెల్లగా వదులుతూ పన్నెండో వారానికి తీసేస్తారు. 2023లో ప్రచురించిన 80 మందిలో ఎక్కువ మందికి ఎమ్మారైలో లిగమెంట్ అతుక్కున్న జాడ కనిపించింది. వినడానికి ఆశగా ఉన్నా వాళ్లకి పోలికగా ఇంకో జట్టు లేదు. కాలు అలా వంచి ఉంచితే రక్తం గడ్డ కట్టే ముప్పు కూడా ఉంది, దానికి మందు వాడాలి. అనుభవమున్న జట్టు దగ్గరైతేనే ఆలోచించండి. యూట్యూబ్ చూసి ఇంట్లో బిగించుకునే పని కాదిది.

ఎప్పుడు, దేనితో?

ఆపరేషన్ అని నిర్ణయమైతే తొందరపడి వాచి వేడెక్కిన మోకాలితో బల్ల ఎక్కకండి. అలా చేస్తే లోపల మచ్చకణజాలం పెరిగి మోకాలు బిగుసుకుంటుంది. కాలు పూర్తిగా చాపగలగాలి, 120 డిగ్రీలు వంగాలి, కుంటకుండా నడవాలి, మోకాలు వంగకుండా కాలు నిటారుగా పైకెత్తగలగాలి. దీనికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇరుక్కుపోయిన మెనిస్కస్ ఉంటే మాత్రం ఈ నియమం వర్తించదు.

తెగిన ఏసీఎల్ బదులు కొత్త లిగమెంట్‌గా వేసే తీగని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే టెండన్‌ని, ఎక్కడినుంచి తీస్తారన్న దాని మీద మనవాళ్లు అంతగా ఆరా తీయరు. సర్జన్‌కి ఏది అలవాటైతే అది వేసేస్తారు. అలవాటూ ముఖ్యమే. కానీ మన బతుకులో నేల మీద కూర్చోవడం ఉంది. దాన్ని సర్జన్‌కి మీరే చెప్పాలి.

మోకాలి చిప్ప కింది టెండన్‌ని రెండు కొసలా ఎముక ముక్కలతో తీస్తే ఎముకకి ఎముక త్వరగా అతుకుతుంది. మళ్లీ తెగడం తక్కువ. కుర్ర స్కీయర్లకి చాలామంది సర్జన్లు దీన్నే ఇష్టపడతారు. దీనితో ఇబ్బంది చిప్ప ముందు నొప్పి. మోకాళ్ల మీద వంగి నమాజు చేసేవాళ్లకీ, పూజలో మోకాళ్ల మీద కూర్చునేవాళ్లకీ, గచ్చు పని చేసేవాళ్లకీ ఇది ఏళ్ల తరబడి బాధించవచ్చు.

తొడ వెనక నుంచి హ్యామ్‌స్ట్రింగ్ కండరం టెండన్ తీస్తే చిప్ప దగ్గర నొప్పి తక్కువ, గాటు చిన్నది. కానీ మోకాలు బాగా మడిచినప్పుడు వెనక్కి లాగే బలం కొంత తగ్గుతుంది. గొంతుక్కూర్చుని లేవడంలో ఇది తెలుస్తుంది. స్కీ మీద వెనక్కి పడేటప్పుడు కాలి ఎముకని ముందుకి జారకుండా పట్టుకునేదీ ఆ కండరమే. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో ఈ ఆపరేషన్ల వివరాలు నమోదుచేసే రిజిస్ట్రీల్లో దీనికి మళ్లీ ఆపరేషన్లు చిప్ప టెండన్ కంటే ఎక్కువగా నమోదయ్యాయి. దీన్ని ఎంచుకుంటే తీగ మందం ఎనిమిది మిల్లీమీటర్లకి తగ్గకుండా చూడమని అడగండి. ఇరవై అయిదు లోపు వయసువాళ్లు ఆపరేషన్‌లోనే మోకాలి బయటి పక్కన అదనపు పట్టీ వేయించుకోవడం గురించీ అడగాలి. 2020లో వచ్చిన 618 మంది ప్రయోగంలో ఆ పట్టీ వేసినవాళ్లలో తీగ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి దిగింది.

తొడ ముందు క్వాడ్రిసెప్స్ టెండన్‌ది మధ్య దారి. మందంగా వస్తుంది, మోకాళ్ల మీద వాలితే నొప్పి తక్కువ. కాకపోతే స్కీయింగ్‌కి అన్నిటికంటే కావలసిన తొడ ముందు కండరం కోలుకోవడం ఆలస్యమవుతుంది. వ్యాయామం మీద బద్ధకమున్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మేలు. దాత నుంచి తీసిన తీగ వేస్తే సొంత శరీరంలో రెండో గాయం ఉండదు కాబట్టి నలభై దాటినవాళ్లకి అమెరికాలో తరచూ ఇస్తారు. కుర్రవాళ్లలో అది తెగే అవకాశం బాగా ఎక్కువ, వాళ్లు వద్దనాలి. మన దగ్గర కొందరు సర్జన్లు చీలమండ పక్కన పెరోనియస్ లాంగస్ టెండన్ తీస్తారు. మోకాలి దగ్గర ఏమీ ముట్టుకోరు కనుక నేల మీద కూర్చునేవాళ్లకి అది అనుకూలమే. కానీ చీలమండకి పాత బెణుకులుంటే వద్దనండి.

సగటున ఏడాదికి ఆరు రోజులు స్కీ చేస్తూ, ఇంట్లో మఠం వేసుకుని భోంచేసే ముప్పై అయిదేళ్ల మనిషికి మా ఎంపిక మంచి మందమున్న హ్యామ్‌స్ట్రింగ్, లేదా క్వాడ్రిసెప్స్. ఇరవై రెండేళ్ల కుర్రాడికి, మోకాళ్ల మీద వంగే అలవాటు లేకపోతే, చిప్ప టెండన్.

మెనిస్కస్ విషయంలో కత్తిరించడానికీ కుట్టడానికీ మధ్య తేడా అంతా ఓపికలోనే ఉంది. కత్తిరిస్తే నాలుగు రోజుల్లో నడుస్తారు, ఆరు వారాల్లో బైకు తొక్కుతారు. కుడితే నాలుగు నుంచి ఆరు వారాలు చంక కర్రలు, 90 డిగ్రీలు దాటి వంచకూడదు, నాలుగు నెలల దాకా గొంతుక్కూర్చోకూడదు. అయినా దెబ్బ వల్ల చీలిన, కుట్టగలిగిన మెనిస్కస్‌ని కుట్టించుకోవాల్సిందే. కత్తిరించిన మోకాలు పదేళ్ల తర్వాత అరుగుదల రూపంలో లెక్క తేల్చుకుంటుంది. వయసుతో నలిగి చిరిగిన మెనిస్కస్ సంగతి వేరు. ఫిన్‌లాండ్‌లో 146 మంది మీద చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో కత్తిరించినవాళ్లకీ, కోసి ఏమీ చేయకుండా కుట్టేసినవాళ్లకీ తేడా రాలేదు. నలభై అయిదేళ్లకి ఎమ్మారైలో కనిపించే ప్రతి చిరుగుకీ కత్తి అక్కర్లేదు.

అమెరికాలోనా, హైదరాబాద్‌లోనా?

అమ్మానాన్నల దగ్గర ఉండి చేయించుకుంటే వంటకీ సాయానికీ ఇబ్బంది ఉండదని చాలామంది ఇండియా విమానం ఎక్కుతారు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఏసీఎల్ ఎక్కువగా చేసే మంచి సర్జన్లున్నారు, ఆపరేషన్ నాణ్యత గురించి బెంగ అవసరం లేదు. చిక్కు తర్వాత వస్తుంది. తెగిన కాలితో, మళ్లీ కుట్టిన కాలితో ఇరవై గంటల ప్రయాణం అంటే రక్తం గడ్డ ముప్పు. తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది సర్జన్‌తో ముందే రాయించుకోండి, ప్రయాణంలో మందు కావాలా అని అడగండి. కనీసం ఆరు వారాలు ఉండలేకపోతే వెళ్లకండి. మొదటి ఆరు వారాల్లో ఎవరు కాలు వంచి చూస్తారో, తొమ్మిదో నెలలో ఎవరు బలం కొలుస్తారో రెండూ ముందే తేలాలి. ఆపరేషన్ నోట్, తీగ ఏది, మందం ఎంత, ఏ స్క్రూలు వేశారు అన్న కాగితాలు లేకపోతే అమెరికాలో ఫిజియో చీకట్లో నడిచినట్టే.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. ఇండియా ఆరోగ్య పాలసీల్లో అందరికీ ఒకేలా ఉండే మినహాయింపు సాహస క్రీడల్లో "వృత్తిగా" పాల్గొన్నవాళ్లకి. సరదాగా గుల్‌మర్గ్‌లో స్కీ చేసి పడ్డవాళ్లు ఆ మాట చూసి క్లెయిమ్ వదులుకోనక్కర్లేదు. ట్రావెల్ పాలసీలు అలా కాదు. శీతాకాల క్రీడల రైడర్ (అదనంగా కొనే రక్షణ) లేకపోతే చాలావాటిలో ఒక్క రూపాయీ రాదు. అమెరికాలో చాలా ప్లాన్లు ఫిజియో విజిట్లకి ఏడాదికి పరిమితి పెడతాయి. అందరూ వాటిని మొదటి రెండు నెలల్లో ఖర్చుపెట్టేస్తారు. సగం విజిట్లు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెలకి దాచుకోండి. మొదట్లో చేసేవి సులువైన వ్యాయామాలు, ఇంట్లో చేసుకోవచ్చు. దూకడం, దిగడం, దిశ మార్చడం నేర్పేటప్పుడే ఎదురుగా కన్ను కావాలి.

నెలలు గడిచే కొద్దీ పొరపాట్లు ఎక్కడ?

మొదటి రెండు వారాలు ఒకే లక్ష్యం: కాలు పూర్తిగా చాపడం. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి మోకాలి కింద ఖాళీ వదిలి పది నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో మోకాలి కింద దిండు పెడతారు. సుఖంగానే ఉంటుంది, కానీ మోకాలు వంగిన స్థితిలోనే బిగుసుకుంటుంది. ఆరో వారానికి అయిదు డిగ్రీలు తక్కువైనా ఆ కుంటు నడక తొడని బలపడనివ్వదు. పిక్కకి నూనె పెట్టి గట్టిగా మర్దన చేయడం కూడా ఆపరేషన్ కొత్తలో వద్దు. కుడి కాలైతే నాలుగు నుంచి ఆరు వారాలు కారు నడపకండి. సడన్ బ్రేక్ వేయగల బలం అప్పుడే రాదు.

అన్నిటికంటే మోసపూరితమైనది రెండో నెల, మూడో నెల. నొప్పి పోతుంది, నడక బాగుంటుంది, సరిగ్గా ఆ వారాల్లోనే కొత్త తీగ అత్యంత బలహీనంగా ఉంటుంది. రక్తనాళాలు లోపలికి పాకి దాన్ని కొత్తగా కట్టుకుంటున్న దశ అది. మోకాలు బాగున్నట్టు తోస్తుంది కానీ తీగ బాగుండదు. వర్షంలో బస్సు వెనక పరుగెత్తడం, పిల్లాడిని ఎత్తుకుని తిరగడం ఈ దశలో వద్దు.

తొడ బలం గురించి చాలామంది జిమ్‌లో రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేసి తృప్తి పడతారు. మంచి కాలు చాటుగా మోసేస్తుంది. ప్రతిదీ ఒంటికాలితో చేయండి: ఒంటికాలి లెగ్ ప్రెస్, 20 సెంటీమీటర్ల మెట్టు మీంచి మెల్లగా మూడు సెకన్లలో దిగడం, నడుము దగ్గర వంగే డెడ్‌లిఫ్ట్, గోడకి ఆనుకుని కుర్చీ భంగిమ. స్కీయింగ్ అంటే వంగిన మోకాలితో బరువు ఆపుతూ నిమిషాల తరబడి ఉండటం. అందుకని బరువు ఎత్తడం కంటే మెల్లగా దించడం ముఖ్యం. చిన్నప్పుడు బడిలో తీయించిన గుంజిళ్లలో కిందికి దిగే సగమే మీకు కావలసింది.

తేదీ చూసి కాదు, కాలు చూసి

అమెరికాలోని డెలావేర్, నార్వేలోని ఓస్లోలో ఏసీఎల్ ఆపరేషన్ అయిన 106 మందిని గమనించి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం తొమ్మిదో నెల దాకా ఆట మొదలుపెట్టడం ఒక్కో నెల ఆలస్యం చేస్తే మళ్లీ మోకాలు దెబ్బతినడం దాదాపు సగం తగ్గింది. పరీక్షలన్నీ నెగ్గి వెళ్లినవాళ్లలో మళ్లీ దెబ్బ 5.6 శాతం, నెగ్గకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం. అవి ఎక్కువగా మలుపుల ఆటలే అయినా స్కీయర్‌కి వేరే నియమం పెట్టుకోవడానికి కారణం కనపడదు.

స్కీలు కట్టుకునే ముందు కావలసినవి ఇవి. ఒంటికాలితో కుర్చీలోంచి లేచి కూర్చోవడం 22 సార్లకి పైగా. ఒంటికాలి లెగ్ ప్రెస్‌లో శరీర బరువుకి ఒకటిన్నర రెట్లు. తొడ ముందు కండరం మెషీన్ మీద కొలిస్తే మంచి కాలిలో 90 శాతం. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఈ తొమ్మిది నెలల్లో మంచి కాలు కూడా బలం తగ్గి ఉంటుంది, దానితో పోలిస్తే అంకె అబద్ధం చెబుతుంది. ఆపరేషన్‌కి ముందే మంచి కాలిని కొలిపించి రాసి పెట్టుకోండి. ఒంటికాలి గెంతులు నాలుగు రకాలు, అన్నీ 90 శాతం. కొలరాడోలోని వేల్‌లో స్కీయర్ల కోసం తయారైన పరీక్షలో రబ్బరు తాడు లాగుతుండగా ఒంటికాలి మీద మూడు నిమిషాలు వంగి లేవడం, తొంభై సెకన్లు పక్కలకి గెంతడం ఉంటాయి. తొడ మండినప్పుడు మోకాలు లోపలికి పడిపోతుందా లేదా అన్నది అందులో తెలిసిపోతుంది.

క్యాలెండర్ లెక్క కూడా వేసుకోండి. క్రిస్మస్ వారంలో పడి ఫిబ్రవరి మొదట్లో ఆపరేషన్ అయితే తొమ్మిది నెలలు నవంబర్‌కి అవుతాయి. సీజన్ అంతా ముందుంది, తొందర అక్కర్లేదు. ఫిబ్రవరిలో పడి మార్చి చివర ఆపరేషన్ అయితే డిసెంబర్ ఆఖరు. జనవరిలో పరీక్షలు పెట్టుకుని ఆ నెలాఖరుకి మొదలుపెట్టవచ్చు. మార్చి చివర పడి మే నెలలో ఆపరేషన్ అయితే తొమ్మిదో నెల ఫిబ్రవరి. అప్పటికి ఒక నెల మంచు మిగులుతుంది, అదీ మధ్యాహ్నానికి బురదలా మారే మంచు. ఆ సీజన్ వదిలేయండి. టికెట్లు, సీజన్ పాస్ ముందే కొనుక్కున్నవాళ్లే పరీక్షలో ఫెయిలైనా వెళతారు. పరీక్ష అయ్యాకే పాస్ కొనండి.

యాభై దాటి మోకాలు అరిగిపోయినవాళ్లు అమెరికా స్కీ రేసర్ లిండ్సే వాన్‌ని చూపిస్తారు. ఆమె 2024 ఏప్రిల్‌లో కుడి మోకాలు కొంత మార్పించుకుని అదే డిసెంబర్‌లో వరల్డ్ కప్‌కి తిరిగొచ్చింది, 2025 మార్చిలో సన్ వ్యాలీలో రెండో స్థానం తెచ్చుకుంది. అది జీవితమంతా స్కీ మీద గడిపిన మనిషి శరీరం. మోకాలి మార్పిడి తర్వాత దువ్విన వాలుల మీద దిగడానికి చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు, ముందునుంచీ బాగా వచ్చినవాళ్లకైతేనే. మార్పిడి తర్వాత కొత్తగా నేర్చుకోవడం వద్దు.

బ్రేస్, బైండింగ్, స్కీ

బ్రేస్ విషయంలో స్కీయర్లకి ఇతర ఆటలవాళ్ల కంటే గట్టి ఆధారం ఉంది. వేల్ ప్రాంతంలో స్కీ రిసార్ట్ ఉద్యోగుల మీద జరిగిన పరిశీలనల్లో ఏసీఎల్ లేకుండా బ్రేస్ వేసుకోనివాళ్లకి మళ్లీ మోకాలి దెబ్బ 6.4 రెట్లు, ఆపరేషన్ అయ్యాక వేసుకోనివాళ్లకి 2.7 రెట్లు ఎక్కువ. లాటరీ వేసి జట్లు విడదీసిన ప్రయోగాలు కావవి. అయినా మొదటి సీజన్‌కి, ఏసీఎల్ లేనివాళ్లయితే ఎప్పటికీ, బ్రేస్ కొనడమే మా సలహా. గట్టి చట్రం, పక్క కీళ్లు ఉన్నదే బ్రేస్. మెడికల్ షాపులో దొరికే సాగే గుడ్డ గొట్టం వెచ్చదనం ఇస్తుంది, అంతే. కొలతకి వెళ్లేటప్పుడు స్కీ బూటు పట్టుకెళ్లండి. బ్రేస్ కింది అంచు బూటు పైఅంచుకి తగిలితే గంటలో పైకి జరిగిపోయి కీలు తప్పుచోట కూర్చుంటుంది.

బైండింగ్ బిగింపుని భయంతో సొంతంగా తగ్గించుకోకండి. బరువు, ఎత్తు, వయసు, బూటు అరికాలి పొడవు, మీరు దిగే తీరు చెప్పి దుకాణంలో పెట్టించండి, మెషీన్ మీద పరీక్షించమనండి. నెమ్మదిగా దిగే తరగతి అని నిజం చెప్పండి, అక్కడ గొప్పలకి పోతే అంకె పెరుగుతుంది. మరీ వదులైతే మలుపు మధ్యలో ఊడి కొత్త ప్రమాదం తెస్తుంది. మడమ దగ్గర పక్కకి కూడా ఊడే బైండింగ్‌లు, నీబైండింగ్, టైరోలియా ప్రొటెక్టర్ లాంటివి, వెనక్కి పడినప్పటి మెలికని ఉద్దేశించి చేసినవి. ఆలోచన సరైనదే, డబ్బుంటే తీసుకోండి. అవి ఉన్నాయని బ్రేస్ మానేయడం, పరీక్షలు ఎగ్గొట్టడం మాత్రం వద్దు.

వెడల్పాటి స్కీలు అందంగా ఉంటాయి కానీ గట్టి మంచు మీద అంచు ఎక్కించాలంటే మోకాలే మెలితిరగాలి. మొదటి సీజన్‌కి నడుము (స్కీ మధ్యభాగం వెడల్పు) 80 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నవి, మీ మామూలు పొడవు కంటే అయిదు నుంచి పది సెంటీమీటర్లు తక్కువవి అద్దెకి తీసుకోండి.

మొదటి రోజులు

పది గంటలకి దువ్విన వాలు కాస్త మెత్తబడ్డాక మొదలుపెట్టి రెండు గంటలు. మధ్యాహ్నం తడి మంచులో స్కీ ఇరుక్కుంటుంది, తొడ కూడా అప్పటికే అలిసి ఉంటుంది. "చివరిగా ఇంకొక్కసారి" అనిపించినప్పుడు గొండోలాలో (కేబుల్ కారు) కిందికి దిగండి. చైర్‌లిఫ్ట్ దిగేచోట జనం గుద్దుకుంటారు, నెమ్మది చేయమని ఆపరేటర్‌ని అడగవచ్చు. తాడు పట్టుకుని లాగించుకునే లిఫ్టుల్లో స్కీ గాడి తప్పితే మోకాలు మెలితిరుగుతుంది, మొదటి వారం వాటి జోలికి పోకండి. గుల్‌మర్గ్ గొండోలా రెండో దశ మిమ్మల్ని దాదాపు 3,980 మీటర్లకి తీసుకెళ్లి దువ్వని వాలు మీద వదులుతుంది. మొదటి సీజన్‌లో ఊరి పక్క చదును వాలులే చాలు.

పడిపోతున్నప్పుడు ఏం చేయాలో ముందే మనసులో వేసుకోండి: చేతులు ముందుకి, కాళ్లు చాపకూడదు, జారుతుండగా లేవబోకూడదు, ఆగేదాకా మోకాళ్లు మడిచే ఉంచాలి. వెర్మాంట్ పరిశోధకులు 1993–94 సీజన్‌లో స్కీ వాలుల మీద గస్తీ తిరిగే సిబ్బందికీ శిక్షకులకీ ఇలాంటి శిక్షణ ఇస్తే వాళ్లలో తీవ్రమైన మోకాలి బెణుకులు 62 శాతం తగ్గాయి.

మర్నాడు పొద్దున్నే రెండు మోకాళ్లనీ పక్కపక్కన చూడండి. వాపు లేకపోతే ఇంకో గంట పెంచవచ్చు. చిప్ప పక్కల గుంట పూడుకుపోయి ఉంటే ఆ రోజు సెలవు. రెండు రోజులకీ తగ్గకపోతే స్కీలు అద్దె దుకాణానికి తిరిగి ఇచ్చేసి ఫిజియోకి ఫోన్ చేయండి.